జానెడు పేగు

ఏడో తొట్టిలో పేగుకి ఆకలి వేసింది.

తవిటయ్య కడుగుతున్న సీసా పక్కన పెట్టి చూశాడు. గోడ గడియారంలో పదికి అయిదు నిమిషాలు తక్కువగా ఉంది. వెచ్చటి ఉప్పునీటిలో తేలుతున్న జానెడు పేగు ఒక కొసన మెల్లగా ముడుచుకుంది. ఆ ముడత వానపాము మట్టిలో జరిగినట్టు రెండో కొసదాకా నడిచింది. అది వెళ్ళీవెళ్ళకముందే మొదటి కొసన ఇంకోటి లేచింది. దాన్ని ఎవరూ ముట్టుకోలేదు. దానికి నోరు లేదు, పైన తల లేదు, చుట్టూ పొట్ట లేదు. అయినా వేళ తెలిసింది.

సాలూరు దాటాక, ఘాట్ రోడ్డు ఎక్కకముందు, కొండ మొదట్లో ఉంది ఆ మూలికల పరిశోధన కేంద్రం. డాక్టర్ ఇందుమతి దానికి పెద్ద. పెద్దపేగు పుండ్లు పడి నెత్తురు పోయే జబ్బు మీద ఆవిడ పని. రోగి పేగులోకి స్కోపు గొట్టం వేసి చూసినప్పుడు బియ్యపుగింజంత తునక గిల్లి తెచ్చి, దాన్ని తొట్టిలో జానెడు పేగుగా పెంచే విద్య ఆవిడే కనిపెట్టింది. కండ, నరం, జిగురు అన్నీ ఉన్న పేగు. జబ్బు కూడా దాంతోపాటే పెరిగేది. దానిమీద కొండ మొక్కల పసర్లు ఒక్కొక్కటే పోసి చూసేవారు. మందు పనిచేస్తుందా లేదా అని మనిషిని కష్టపెట్టకుండా తొట్టిని అడగొచ్చు.

పదకొండు తొట్లు, పదకొండుమంది పేగులు. ఏది ఎవరిదో డాక్టరమ్మకీ, ఆవిడ దగ్గర పరిశోధన చేస్తున్న రఫీకీ తప్ప తెలియకూడదు. తవిటయ్య పని కొండెక్కి మొక్క తేవడం, దంచడం, సీసాలు కడగడం, పొద్దున్నే ప్రతి తొట్టికీ ఉన్న సన్నటి గరాటులో ఆ రోజు పసరు పోయడం.

ఎవరినీ ఆశ్చర్యపరచని మనిషి తవిటయ్య. రోజుకి పది మాటలు మాట్లాడితే ఎక్కువ. కానీ మేకపిల్ల నడక చూసి దాని తల్లి ఏదో చెప్పగలడు. పేగులన్నిటికీ ఎనిమిదింటికీ, నాలుగింటికీ ఒకేసారి పోషకరసం వెళ్తుంది. అవన్నీ ఆ వేళలకే అలవాటు పడాలి. పడలేదు. ఒకటి తెల్లారి ఏడింటికి కదిలేది, ఇంకోటి మిట్టమధ్యాహ్నం. గింజంత తునకలోంచి పుట్టినా, తమ మనిషి తినే వేళ అవి మరిచిపోలేదు. రఫీ ఆ కదలికలన్నీ కంప్యూటర్‌లో గీతలుగా ఎక్కించి, పక్కన 'కారణం తెలియదు' అని రాసుకున్నాడు.

ఏడో తొట్టి సంగతి తవిటయ్యకి మొదటి వారంలోనే తెలిసిపోయింది. ఊళ్ళో పశువుల్ని కొండవైపు మళ్ళించే వేళకి తన కూతురు కుసుమ ఆకలికి లేచేది. చంకలో ఉన్నప్పటినుంచీ అంతే. మెడలో గంటల చప్పుడు వినబడితే చాలు, గంజిలో పులిసిన తరవాణి అన్నం కోసం ఏడుపు. ఇప్పుడు కుసుమకి ఇరవై ఏళ్ళు. మూడేళ్ళుగా నెత్తురు పోతోంది. ఈ తునకా ఆమెదే. గంటల చప్పుడు వినే చెవి లేదు గానీ, వేళ మాత్రం పేగులో ఉండిపోయింది.

ఆ రోజు తవిటయ్య టిఫిన్ క్యారియర్ మూత తీసి, తరవాణి గ్లాసులో పోసుకున్నాడు. నోటిదాకా తీసుకెళ్ళాడు. తొట్టిలో పేగు ఇంకా మెలికలు తిరుగుతోంది. వాళ్ళ ఇంట్లో ఒక పద్ధతి ఉంది. తరవాణి కుండలో ముంత ముంచాక మొదటి ముంత ఎదురుగా ఆకలితో ఉన్నవాడికి, కూలివాడైనా సరే, దారినపోయేవాడైనా సరే. ఆ తర్వాతే ఇంటివాళ్ళకి. గరాటు పక్కన 'మందు తప్ప ఏదీ పోయరాదు' అని పెద్ద అక్షరాలతో ఉంది. తవిటయ్యకి చదువొచ్చు. అయిదో తరగతి వరకు చదివాడు.

అటూ ఇటూ చూసి చెంచాడు తరవాణి గరాటులో పోశాడు.

ఆ చెంచాడు లోపలికి జారిన కాసేపటికి ముడతలు నెమ్మదించాయి. పేగు చాచుకుని నీటిలో పడుకుంది, పాలు తాగిన పాప చేతులు వదిలేసినట్టు. తవిటయ్య చెంచా తుడిచి పక్కన పెట్టాడు. మిగిలిన తరవాణి తాగి, గ్లాసు కడిగి, పనిలో పడ్డాడు.

మర్నాడూ పోశాడు. ఆ పైనా పోశాడు. తక్కిన పది పేగులకీ పోయలేదు. అతను తరవాణి తాగే వేళకి ఆకలితో కదిలేది ఆ ఒక్కటే.

*

కేంద్రం పట్టీలో మూడువందల పద్దెనిమిదో పసరు రాతిపాల తీగది. బండల నెర్రెల్లో పాకే తీగ, తుంచితే పాలు కారతాయి. దాన్ని పోసిన ఇరవయ్యో రోజున రఫీ కేక వేశాడు.

"బాబాయ్! చేతిలో పని అవతల పడేసి రా, చూడు!"

రఫీది గుంటూరు వైపు. అందరికీ వినబడేలా తప్ప మాట్లాడలేడు. తవిటయ్య తడి చేతులు పంచెకి తుడుచుకుంటూ వెళ్ళాడు. తెరమీద ఏడో పేగు లోపలి గోడ ఉంది. మొన్నటిదాకా కమిలి, గీరుకుపోయి, నెత్తురు చిమ్మే గోడ. ఇప్పుడు పుండ్ల అంచుల్లోంచి కొత్త చర్మం లోపలికి పాకుతోంది. అప్పుడే పుట్టిన దూడ ముట్టె రంగు. చూస్తుండగానే ఒక చిన్న పుండు రెండు అంచులూ కలుసుకున్నాయి.

డాక్టర్ ఇందుమతి కళ్ళజోడు తీసి, మళ్ళీ పెట్టుకుంది. ముప్ఫై ఏళ్ళ ఉద్యోగంలో ఆవిడ ఇలాంటిది చూడలేదు.

"ఎవరూ మాట్లాడకండి కాసేపు," అంది.

తర్వాత తవిటయ్యని గదిలోకి పిలిచింది. "ఒక మాట నీకు చెప్పకూడదు. ఇప్పుడు చెప్పక తప్పదు. ఏడో నంబరు మీ కుసుమది."

"తెల్సమ్మా."

"తెలుసా! ఎవరు చెప్పారు?"

"పసువులు మల్లే యేలకి కదుల్తాది."

ఆవిడ నవ్వింది. "మిగతా పదింటిలో ఈ పసరు ఏమీ చెయ్యలేదు తవిటయ్యా. మీ అమ్మాయి ఒంటికే సరిపడినట్టుంది. ప్రయోగాల కమిటీని అడిగి అనుమతి తెస్తాను. కుసుమకి ఇద్దాం."

తరవాణి మాట తవిటయ్య నాలుక చివరికి వచ్చింది. కానీ పుండు మానుతోంది కదా. ఎవరూ అడగలేదు కదా. మింగేశాడు.

*

కుసుమ నలభై రోజులు ఆ పసరు తాగింది.

"అయ్యా, ఈ చేదుకి పేగు మానదు, బయపడి పారిపోతాది," అనేది మొహం చిట్లించి. మనిషి ముప్ఫయ్యారు కిలోలకి వచ్చింది. పెరట్లో మరుగుదొడ్డికీ, అరుగుకీ మధ్య ఆమె కాళ్ళతో దారి పడింది. డిగ్రీ రెండో ఏడు మధ్యలో ఆగిపోయింది. అయినా నోరు మాత్రం ఊరుకునేది కాదు.

"ఎన్నిసార్లే ఈయేల?" అనడిగేది తల్లి బంగారమ్మ.

"నెక్కెట్టడం మానీసినానమ్మా. నాను ఇంట్లో ఉంటన్నానా, దొడ్లో ఉంటన్నానా అని అడుగు, సెప్తాను."

బంగారమ్మ నవ్వబోయి, కొంగుతో మొహం తుడుచుకునేది. పసరు మొదలుపెట్టిన కొత్తలో ఆస్పత్రిలో ఒక నర్సు ఆమెకి చెప్పింది, పులిసిన వాటిలో క్రిములుంటాయి, ఇంట్లో ఉంచొద్దని. కుసుమ తరవాణి మానేసి అప్పటికి మూడేళ్ళు. అయినా బంగారమ్మ భయపడింది. అత్తగారి అత్తగారి నాటినుంచీ అడుగు ఖాళీ కాని కుండ అది. తీసినంత గంజి మళ్ళీ పోయడమే తప్ప పూర్తిగా కడిగింది లేదు. దాన్ని వంచేసి, మరిగే నీళ్ళతో మూడుసార్లు కడిగి, సున్నం పూసి, అటక మీద బోర్లించింది. ఆ రోజునుంచి తవిటయ్య క్యారియర్‌లో మజ్జిగ వెళ్ళింది.

నలభయ్యో రోజున విశాఖపట్నంలో పెద్ద ఆస్పత్రి సర్జన్ స్కోపు వేసి చూశాడు. "ఏ గుణమూ లేదు. ఇంకా ముదిరింది. పెద్దపేగు మొత్తం తీసేసి మలం పోవడానికి పొట్టకి సంచి పెడతాను. వచ్చే నెల ఆరో తేదీ," అన్నాడు.

ఇంటికొచ్చే బస్సులో కుసుమ ఒక్క మాటా ఆడలేదు. అదే తవిటయ్యని ఎక్కువ భయపెట్టింది.

*

"అదే పేగు. అదే పసరు," అంది డాక్టర్ ఇందుమతి. తొట్ల గదిలో నిలబడి ఉంది. "గాజులో మానింది, మనిషిలో మానలేదు. అంటే నా తొట్టి అబద్ధం చెప్పింది. రఫీ, సోమవారం నుంచి అన్నీ ఖాళీ చేసేద్దాం. ఈ పద్ధతి పనికిరాదని రాసేస్తాను."

ఏడో తొట్టిలో పేగు నున్నగా, ఆరోగ్యంగా తేలుతోంది. తవిటయ్య చీపురు గోడకి ఆనించాడు.

"తొట్టి అబద్దమాడనేదు డాక్టరమ్మా. నానే సెప్పనేదు."

ఇద్దరూ వెనక్కి తిరిగారు.

"దానికి తరవాణి పోసినాను."

"ఏందీ?" అన్నాడు రఫీ.

"తరవాణి బాబూ. అన్నం గంజి పులిసింది. సెంచాడు."

"ఎన్నిసార్లు?"

"దినమూ. ఆదివారం తప్ప. మా ఆడది కుండ కడిగీదాకా."

రఫీ మొహం ముందు తెల్లబోయి, తర్వాత ఎర్రబడింది. "పద్నాలుగు నెలలు! మేడం, పద్నాలుగు నెలలు నేను గాలి కూడా వడగట్టి పంపాను దానికి. నా థీసిస్ మొత్తం తీసుకెళ్ళి కుడితితొట్లో ముంచావు కదయ్యా బాబాయ్!" అని స్టూలు మీద కూలబడ్డాడు. నవ్వో ఏడుపో తెలియని చప్పుడు ఒకటి వచ్చింది అతని గొంతులోంచి.

డాక్టరమ్మ అడిగింది. "ఎందుకు పోశావు?"

"ఆకలేసింది దానికి. ఆకలేసినోల దగ్గిర కూకుని ఒక్కడినీ ఎలాగ తాగను?"

ఆవిడ కోపం ఎక్కడో దారి తప్పింది. తొట్టి దగ్గరికి వెళ్ళి, వంగి, ఎన్నడూ చూడనిదాన్ని చూసినట్టు చూసింది.

"రఫీ, పసరు మిగతా పదింటిలో పనిచెయ్యలేదు. తరవాణి లేదు. కుసుమలో పనిచెయ్యలేదు. తరవాణి లేదు."

రఫీ తలెత్తాడు.

"పసరులో మందు మూటకట్టి ఉంది," అంది ఆవిడ నెమ్మదిగా. "ముడి విప్పే క్రిములు తరవాణి కుండలో ఉన్నాయి. తవిటయ్యా, ఆ కుండ ఎక్కడ?"

*

అటక మీదనుంచి దించిన కుండ తెల్లగా, పొడిగా ఉంది, తడితే గుడిలో గంటలా మోగింది. రఫీ దాని లోపలంతా దూదితో తుడిచి చూశాడు. ఏమీ లేదు.

బంగారమ్మ గోడకి చేరగిలబడి, "నా సేతుల్తో సంపీసినాను. పిల్లకి మంచిదని సంపీసినాను," అంది. మళ్ళీ మళ్ళీ అదే అంది.

"నువ్వు చంపలేదమ్మా, ఎవరో చెప్పారు, విన్నావు," అంది డాక్టరమ్మ.

చుట్టుపక్కల ఊళ్ళలో తరవాణి కుండలున్న ఇళ్ళు పన్నెండు దొరికాయి. రఫీ అన్నిటినుంచీ తెచ్చి పసరులో కలిపాడు. ఏదీ ముడి విప్పలేదు. ఆ కుండ అడుగున, నాలుగు తరాల మడ్డిలో, గాలి తగలని చోట పుట్టి పెరిగిన క్రిమి అది. తవిటయ్య కడుపులో ఉంటుందేమోనని చూశారు. లేదు. పెద్దవాళ్ళ కడుపుల్లో అప్పటికే జనం కిక్కిరిసి ఉంటారు, కొత్తవాళ్ళకి చోటుండదు, వచ్చిన దారినే పోతారు. ఖాళీగా ఉన్న గాజుతొట్టి పేగులోనే అవి కాపురం పెట్టాయి.

ప్రపంచంలో ఇక అక్కడే ఉన్నాయి.

మూడుసార్లు ఆ పేగుని లోపల కడిగి నీళ్ళు తీశారు. క్రిములు రాలేదు. అవి మడతల అడుగున, జిగురు కింద అంటుకుని ఉన్నాయి. గాలి తగిలితే చచ్చిపోతాయి. గాలి తీసేసిన పెట్టెలో పేగుని నిలువునా కోసి, గోడ గీరితేనే బతికి దొరుకుతాయి. కోస్తే ఇక పేగు ఉండదు. కొత్తది పెంచడానికి ఏడు నెలలు కావాలి. ఆపరేషన్‌కి పంతొమ్మిది రోజులే ఉన్నాయి.

డాక్టర్ ఇందుమతి జరిగినదంతా దాచకుండా కమిటీకి రాసింది. పద్నాలుగు నెలల ఫలితాలూ రద్దయ్యాయి. రఫీ చదువు మళ్ళీ మొదటికి వచ్చింది. తవిటయ్యని తొట్ల గదిలో పనినుంచి తీసేశారు. తరవాణి, పసరు కలిపి కుసుమకి ఇవ్వడానికి మాత్రం, ఆమె ఒప్పుకుంటే, అనుమతి వచ్చింది. సర్జన్ ఫోన్‌లో, "మందు మొదలెట్టిన ఇరవై ఒకటో రోజుదాకా వాయిదా వేస్తాను. ఆ తర్వాత నేనాగను," అన్నాడు.

పేగు కోయాలంటే కుసుమ సంతకం కావాలి. ఆ పేగు ఆమెది.

*

కుసుమ గోడ పట్టుకుని తొట్ల గదిలోకి వచ్చింది. తవిటయ్య గుమ్మం బయటే ఆగాడు. డాక్టరమ్మ, "రా, ఇవాళ్టికి రా," అంది.

కుసుమ తొట్టి మీదికి వంగి చాలాసేపు చూసింది. ఒంట్లో ఎముకలు తప్ప ఏమీ మిగలని పిల్ల, ఎదురుగా ఆమె లోపలిదే, నిగనిగలాడుతూ.

"నాకంటే ఇదే బాగుంది," అంది. "అయ్య నాకు పెట్టకండా దాసి దీనికి పెట్టినాడు."

ఎవరూ నవ్వలేదు. కుసుమే కొంచెం నవ్వింది.

పదికి అయిదు నిమిషాలు తక్కువయింది. పేగు ఒక కొసన ముడుచుకుంది. సరిగ్గా అప్పుడే కుసుమ పొట్ట సన్నగా మూలిగింది. గదిలో ఉన్న నలుగురూ విన్నారు. ఆమె చెయ్యి పొట్టమీదికి వెళ్ళింది. తొట్టిలో ముడత నడుస్తోంది. ఆమె వేళ్ళ కింద కూడా ఏదో నడుస్తోందని ఆమె మొహం చెబుతోంది. ఇరవై ఏళ్ళ కిందట ఒక ప్రాణంగా మొదలైనది రెండు చోట్ల ఒకే వేళకి ఆకలి అడుగుతోంది. రఫీ గీతలు ఎక్కించే కంప్యూటర్ వైపు చూడలేదు. చూడాలనిపించలేదు.

"దీనికి నొప్పెడతాదేటి మేడం?" అనడిగింది కుసుమ.

డాక్టర్ ఇందుమతి అబద్ధం చెప్పగలదు. చెప్పలేదు. "తెలియదమ్మా. నరాలున్నాయి. నొప్పి అనుకునే మెదడు లేదు. అయినా ఆకలి అనుకోవడానికీ మెదడు కావాలనే ఇన్నాళ్ళూ అనుకున్నాను. అందుకని తెలియదు."

కుసుమ కలం తీసుకుంది. "అయితే ముందు దానికి తిండెట్టండి. కాలీకడుపుతో కొయ్యకండి."

రఫీ లేచి పోషకరసం గొట్టం తిప్పాడు. అది ఎనిమిదింటి తిండి కాదు, నాలుగింటిది కాదు. ఏ పద్ధతిలోనూ లేని తిండి. పేగు తాగింది, చాచుకుంది. కుసుమ సంతకం పెట్టింది.

కోసింది రఫీయే. గాలి తీసిన పెట్టెకున్న చేతితొడుగుల్లోకి చేతులు దూర్చి, నెలల తరబడి కాపాడినదాన్ని ఈ కొసనుంచి ఆ కొసదాకా తెరిచాడు. కళ్ళు నిండాయి. తుడుచుకోవడానికి చేతులు ఖాళీ లేవు. తవిటయ్య తన తువ్వాలుతో అతని కళ్ళు తుడిచాడు. తరవాణి సంగతి బయటపడినప్పటినుంచీ వాళ్ళిద్దరి మధ్యా మాటల్లేవు.

"ఉండు బాబాయ్, అడ్డం రాకు," అన్నాడు రఫీ. తిట్టినట్టే అన్నాడు గానీ తల తిప్పుకోలేదు.

నిలువునా తెరిచాక కూడా పేగు ఆగలేదు. పరిచిన గుడ్డలా ఉన్నదానిమీద ముడత ఒకటి లేచి, తెగిన అంచుల్ని కూడగట్టుకుని, రెండో కొసదాకా నడిచి వెళ్ళింది. ఇంకోటి లేచింది. అది సగంలో నిలిచిపోయింది.

ఆ సాయంత్రం తవిటయ్య ఇంటికి వెళ్ళేసరికి బంగారమ్మ వీధిలో బిందెతో నీళ్ళు పెట్టుకుని నిలబడి ఉంది, శ్మశానంనుంచి వచ్చినవాళ్ళకి పెట్టినట్టు.

"పిల్ల ఇంట్లో బతికుంది. మైల ఉందో నేదో నాకు తెల్డం నేదు," అంది.

"నాకూ తెలీదు," అన్నాడు తవిటయ్య. తల వంచాడు. ఆమె పోసింది.

*

గీరి తీసినది ఆవగింజంత. దాన్ని బతికించడానికి బంగారమ్మే కావలసి వచ్చింది. పరిశోధన కేంద్రంలో తలకి టోపీ, మూతికి గుడ్డ కట్టుకుని, ఏ బియ్యం కడుగు, ఎంత గంజి, ఎన్నాళ్ళకి కదపాలో రఫీకి చూపించింది.

"సల్లారనీ బాబూ. ఏడిగా పొయ్యకు, సచ్చిపోతాయి," అంది. ఆ మాట తన నోట వచ్చాక కాసేపు పక్కకి తిరిగింది.

అయిదో రోజుకి గాజు జాడీ అడుగున మడ్డి పేరింది. ఆరో రోజునుంచి కుసుమ పొద్దున తరవాణి, వెనకే పసరు తాగింది. వారం గడిచినా మార్పు లేదు. తాగడం మొదలెట్టిన తొమ్మిదో రోజున నెత్తురు ఇంకా ఎక్కువ పడింది. బంగారమ్మ ఆస్పత్రికి బట్టల సంచి సర్దడం మొదలుపెట్టింది. పదకొండో రోజున కుసుమ ఇంటి ముందుకి వచ్చి తండ్రి పక్కన చాలాసేపు అలాగే కూర్చుంది. లేచి దొడ్లోకి పరిగెత్తలేదు. తవిటయ్య ఆ సంగతి గమనించాడు గానీ గట్టిగా అంటే ఏమవుతుందోనని ఊరుకున్నాడు.

ఇరవై ఒకటో రోజున విశాఖపట్నం వెళ్ళారు. స్కోపు గదిలోకి ఇంటివాళ్ళని రానివ్వరు. డాక్టర్ ఇందుమతి సర్జన్‌తో ఏదో చెప్పింది. ఆయన తవిటయ్యని ఎగాదిగా చూసి, "గోడ పక్కన నిలబడు. మాట్లాడకూడదు," అన్నాడు.

"ఆయన ఎలాగూ మాట్లాడడు," అంది డాక్టరమ్మ.

కుసుమ మత్తులో ఉంది. తెర వెలిగింది. సన్నటి దీపం ఒకటి ఆమె లోపల నడవసాగింది. తవిటయ్య చూశాడు. జానెడు కాదు, మూరలకొద్దీ దారి. గుహలాగా మలుపు తర్వాత మలుపు. తడిగా మెరిసే గోడలు. దూడ ముట్టె రంగు. అక్కడక్కడ తెల్లటి మచ్చలు, పుండ్లు ఉండి మానిన చోట్లు. సర్జన్ ఏమీ అనడం లేదు. మెల్లగా, ఇంకా మెల్లగా లోపలికి పోనిస్తున్నాడు, ఏదైనా పుండు దొరుకుతుందేమోనని. ఏమీ దొరకడం లేదు.

ఒక మలుపు దగ్గర గోడలన్నీ ఒక్కసారిగా దగ్గరికి వచ్చాయి. దీపం చుట్టూ మూసుకున్నాయి. తెర అంతా ఎర్రగా, తర్వాత నల్లగా అయిపోయింది. తవిటయ్య గోడ వదిలి ఒక అడుగు ముందుకి వేశాడు.

"భయపడకు," అన్నాడు సర్జన్, తెరమీదనుంచి కళ్ళు తిప్పకుండా. "పేగు తన పని తను చేసుకుంటోంది. తొయ్యకూడదు. మనమే ఆగాలి."

అందరూ ఆగారు. సర్జన్, నర్సు, ముప్ఫై ఏళ్ళు పేగుల్నే చదివిన డాక్టరమ్మ, తవిటయ్య, అందరూ ఆ చీకటి వైపు చూస్తూ కదలకుండా నిలబడ్డారు. లోపల ఎక్కడో ముడత ఒకటి ఎవరి అనుమతీ అడగకుండా నడిచి వెళ్ళింది.

ఆ తర్వాత నడిమధ్య సన్నటి వెలుగు పుట్టి, దీపం ముందు దారి మళ్ళీ తెరుచుకుంది.